నీళ్ళు చాలడం లేదు

"అక్కా, దీనికేదో అయింది. మచ్చలు చూడండి!"

తోడికోడలు కుండీని రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. పెద్దకోడలి గుండెలో ఏదో చల్లగా తగిలింది. మొహానికి మాత్రం జాలి పులుముకుంది.

"లోపలికి రా. ముందు కూర్చో" అంది.

ఆ అపార్ట్‌మెంట్లో అందరూ ఆమెను ఆకుల డాక్టరంటారు. ఎవరింట్లో సక్యులెంట్‌కు, అంటే దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కకు, నలతగా ఉన్నా ముందు ఆమె తలుపే తడతారు. మచ్చ గోధుమరంగులో ఎండి గరుకుగా ఉంటే, "మధ్యాహ్నపు ఎండలో పెట్టి మాడ్చేశారు కదూ!" అని కేకలేస్తుంది. ఆకు మొదట్లో తెల్లగా దూదిలా కనిపిస్తే, "ఇది మచ్చ కాదండీ, పిండినల్లి. స్పిరిట్‌తో తుడవండి" అంటుంది. తడుముకోవడమన్నది ఆమెకు తెలియదు.

అంత డాక్టరు చేతిలోనూ ఆమె సొంత మొక్క మాత్రం ఏనాడూ ఒళ్ళు చేయలేదు. అమ్మ పోయాక పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆ ఒక్క మొక్కనే. దళసరి ఆకులు రేకుల్లా చుట్టుకుని, చూడ్డానికి ఆకుపచ్చ గులాబీలా ఉంటుంది. పొద్దున్నే దాన్ని పలకరిస్తే గాని ఆమెకు కాఫీ గొంతు దిగదు.

దాని ఆకొకటి తుంచి, మరిది పెళ్ళయిన కొత్తలో తోడికోడలికి ఇచ్చింది. తన కాళ్ళు తనే నరుక్కున్నట్టయింది. కింది అంతస్తులో వాళ్ళింట్లో ఆ ఆకు వేరు తొడిగింది. మొక్కయింది. చూస్తుండగానే తల్లిని మించిపోయింది.

ఆడపడుచు వచ్చినప్పుడు కిందంతా చూసి పైకొచ్చి, "దాని చెయ్యి భలే మంచిదే వదినా! నీ మొక్కేంటి, అలా పీక్కుపోయింది?" అంది.

ఆకు ఇచ్చిందెవరు? పెంచడం నేర్పిందెవరు? పేరేమో దానికి! పెద్దకోడలికి కడుపు భగ్గుమంది. ఆ రోజు నుంచి కిందికెళితే ఆ మొక్క వంక చూడకూడదనుకునేది. చూడకుండా ఉండలేకపోయేది. చూసి వచ్చి, ఏ పాపమూ ఎరగని మొగుడి మీద విసుక్కునేది.

ఆ మధ్య మొక్కను కాస్త చూస్తుండమని తోడికోడలికి చెప్పి, చెల్లెలి కానుపుకని ఊరెళ్ళి, నిన్ననే తిరిగొచ్చింది. బాల్కనీలోకి వెళ్ళి కుండీ దగ్గరికి వంగింది. తన మొక్క నిగనిగలాడుతోంది! ఆకులు బలిసి, అంచులకు ఎరుపు తిరిగి, కుండీ నిండుగా ఉంది. దాన్ని చూస్తూ కాఫీ రెండు కప్పులు తాగింది.

ఇప్పుడేమో తోడికోడలి కుండీలో నల్లమచ్చలు. దేవుడున్నాడు అనుకుంది.

భూతద్దం తెచ్చింది. మచ్చ మీద వేలితో నొక్కింది. మెత్తగా దిగబడింది, నీరు ఊరింది. మట్టి వాసన చూసింది. జబ్బేమిటో ఇట్టే తెలిసిపోయింది. నీళ్ళెక్కువయ్యాయి. వేరు కుళ్ళడం ఇప్పుడే మొదలైంది. మచ్చల ఆకులు తీసేసి, మొక్కను పెకిలించి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకమట్టిలో నాటి, కొన్నాళ్ళు నీటిచుక్క చూపించకపోతే లేచి కూర్చుంటుంది.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆడపడుచు గొంతు చెవిలో మోగింది, 'దాని చెయ్యి భలే మంచిదే' అని.

"ఏముందీ! నీళ్ళు చాలడం లేదు" అంది పెద్దకోడలు. "రోజూ పొయ్యి."

"రోజూనా? వీటికి అన్ని నీళ్ళు పనికిరావంటారు కదక్కా?"

"అనేవాళ్ళు లక్ష అంటారు. మరి వాళ్ళ దగ్గరికే వెళ్ళలేకపోయావా?"

"అయ్యో, అదేం మాటక్కా! మీరెంత చెబితే అంత."

అన్నట్టే చేసింది. నాలుగు రోజులకోసారి కుండీ ఎత్తుకుని మెట్లెక్కి వచ్చేది. పిల్లకి జ్వరమొచ్చినట్టు కంగారు పడేది. పెద్దకోడలు భూతద్దం పెట్టి తీరిగ్గా చూసేది. ఓసారి ఆకుల మీద కూడా చల్లమంది. ఇంకోసారి కుండీ కింద పళ్ళెం పెట్టి నీళ్ళు నిలవుంచమంది. రాత్రి మనసు కాస్త పీకేది. పొద్దున్నే బాల్కనీలో తన మొక్క నవ్వుతూ కనిపించేసరికి ఆ పీకుడు కాస్తా పోయేది.

చివరికి ఒకనాడు తోడికోడలు వట్టి కుండీతో వచ్చింది. మొక్క ఆమె అరచేతిలో ఉంది. కాండం నల్లబడి, ఆకులు జావలా జారిపోయి, పట్టుకోవడానికేమీ మిగల్లేదు. వెక్కివెక్కి ఏడుస్తోంది.

పెద్దకోడలికి అప్పుడు నిజంగానే జాలేసింది. గెలిచినవాళ్ళకు జాలి సులువుగా వస్తుంది. తోడికోడలి భుజం చుట్టూ చెయ్యి వేసి, బాల్కనీలోకి నడిపించుకెళ్ళింది.

"ఛ, ఊరుకో! మొక్క కోసం ఇంత ఏడుపా? ఇదిగో, నాది చూడు, ఎంత బాగుందో. ఇందులోంచి ఒక ఆకు ఇస్తాను. మళ్ళీ మొదలుపెట్టు" అంటూ ఆకు తుంచి చేతికివ్వబోయింది.

తోడికోడలు ఆ ఆకు అందుకోలేదు. ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"మీరు ఊళ్ళో లేనప్పుడు నా చేతుల్లోనే మొక్కకు మచ్చలు పడ్డాయక్కా. చూస్తే మీరు తట్టుకోలేరని నా మొక్కను మీ కుండీలోకి మార్చేశాను. బాగయ్యాక దాన్ని తెచ్చి పెట్టేద్దామని ఇన్నాళ్ళూ మీతో వైద్యం చేయించింది మీ అమ్మగారి మొక్కకే!"