పడే పద్ధతి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా కూతురు బడిలో కిందపడుతుందని. దానికి సెరిబ్రల్ పాల్సీ. వాకర్ పట్టుకుని నడుస్తుంది. ఒక్కసారి పడినా చాలు, బడి మాన్పించేద్దామనుకుని, ఇవాళ మూడో తరగతి కిటికీ కింద బకెట్ బోర్లించి పైకెక్కాను.

తొంగిచూశానో లేదో, బకెట్ జారి దబ్బున కిందపడ్డాను.

పిల్లలంతా బిలబిలమంటూ బయటికొచ్చారు. వెనకాలే వాకర్ తోసుకుంటూ నా కూతురు.

"చేతులు చాపి పడతారా ఎవరైనా?"

"నువ్వు పడతావేమోనని చూడ్డానికొచ్చానే తల్లీ!"

"పొద్దున్నుంచి రెండుసార్లు పడ్డా. గడ్డం గుండెకి ఆనించి పక్కకి దొర్లాలమ్మా. ఫిజియో అక్క నేర్పింది. ఇంత పెద్దదానివి, ఆమాత్రం తెలీదా?"

"ఫర్వాలేదాంటీ," అన్నాడొక బుడంకాయ. "మీ పాప నేర్పకముందు మేమూ ఇలాగే పడేవాళ్లం."



నేను చేతికి కట్టుతో ఇంటికొచ్చేశాను. అది మాత్రం బడిలోనే ఉంది. మధ్యాహ్నం హెడ్మాస్టరు గారికి అది పడే పాఠం చెబుతుందట. వచ్చే నెల రిటైరయ్యే మనిషి. అటువైపు వెళ్తే, ఆయన మళ్లీ లేచారో లేదో కాస్త చూసి చెప్పండి.