రెండో ఫోను

సెట్టింగ్స్ పేజీ మెల్లగా తెరుచుకుంది. సునీల వేలితో కిందికి జరుపుతూ పోయింది. అక్షరాల సైజు, రంగు, వారానికోసారి వచ్చే మెయిలు. అవన్నీ దాటాక ఆ వరస వచ్చింది.

'మీ ఖాతా తెరిచి ఉన్న ఫోన్లు: రెండు.'

ఒకటి తన చేతిలో ఉంది. రెండోదాని ఎదురుగా 'తెనాలి' అని ఉంది.

"ఉందా?" అంది రాహేలు. కుట్టుమిషను ఆపేసి, కిటికీ రెక్క సందులోంచి వీధిలోకి చూస్తోంది.

"ఉంది."

"మా ఆయన తన ఫోను నన్ను ముట్టుకోనివ్వడు. మీకేమో ఇద్దరికీ కలిపి ఒకటే మెయిలు. ఎంత ప్రేమో అక్కా."

సునీల నవ్వలేదు. పెళ్ళయిన కొత్తలో రెండు పేర్లూ కలిపి ఆ మెయిలు తెరిచింది ఆమె భర్త శ్యాంప్రసాదే. "మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేంటి?" అన్నాడు. చుట్టాలంతా మురిసిపోయారు. ఆ మెయిలుతోనే ఈ వెబ్‌సైట్లో ఆమెకు ఖాతా కూడా పెట్టిచ్చాడు. నచ్చిన పేజీని అందులో దాచుకుంటే తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు. పచ్చళ్ళు, జాకెట్టు డిజైన్లు, హాసినికి పడుకునేముందు చెప్పే కథలు దాచుకునేది. అవన్నీ అతనూ చూస్తున్నాడని అప్పట్లో తెలియదు.

వేసవిలో ఒకసారి, బాపట్లలో ఆడవాళ్ళ హాస్టలు గురించిన పేజీ దాచుకుంది. ఎవరికీ చెప్పకుండా పాపను తీసుకుని బస్సెక్కింది. దిగేసరికి శ్యాంప్రసాద్ బస్టాండులో నిలబడి ఉన్నాడు. కేకలు వేయలేదు. నవ్వుతూ పాప చేతిలోని సంచి అందుకున్నాడు. "ఎండగా ఉంది, కార్లో కూర్చోండి" అన్నాడు.

ఆ తర్వాత ఆమె ఎడమ చెయ్యి పూర్తిగా పైకి లేవలేదు.

రెండోసారి ఒక్కతే బయటపడింది. కట్టుబట్టలతో, కొంగున ముడేసుకున్న తాళంచెవితో. అతని పక్కన నిద్రపోతున్న పాపను లేపడానికి ధైర్యం చాలలేదు. మర్నాడు మెసేజి వచ్చింది.

'హాసిని గురించి బెంగ పెట్టుకోకు. నేను బయటికెళ్తే గేటుకి తాళం వేసే వెళ్తున్నా. నువ్వొచ్చేదాకా దానికి బడి లేదు. నిన్ను నేనే వెతికి తెచ్చుకుంటా.'

సునీల సెట్టింగ్స్ నుంచి జాబితాలోకి వెళ్ళింది. పొద్దున దాచిన పేజీ అన్నిటికన్నా పైన ఉంది. రేపల్లె స్టేషను వెనక ఆడవాళ్ళ హాస్టలు. వీధి పేరు, ఫోను నంబరుతో సహా. దాని పక్కన చిన్న టిక్కు పడి ఉంది.

"చదివేశాడు" అంది.

"ఆ ఫోను తీసెయ్యకూడదా అక్కా? పక్కనే మీట ఉందన్నావుగా."

"తీసేస్తే మెయిలు వెళ్ళుద్ది. ఆ మెయిలు ఇద్దరిదీ. నేను చూశానని తెలిసిపోద్ది."

తన ఫోను ఏ ఊళ్ళో ఉందో చూపించకుండా ముందే ఆపేసింది. ఇప్పుడు ఇంకో మీట నొక్కింది. 'వేరే ఫోనులో ఖాతా తెరిస్తే చెప్పాలా?' చెప్పాలి. 'మెయిలుకా, ఈ ఫోనుకా?' ఈ ఫోనుకే.

వీధిలో కారు చప్పుడయింది.

చప్పుడు మేడ కిందుగా సాగి, మలుపు తిరిగి, వినబడకుండా పోయింది. రాహేలు కిటికీ దగ్గర్నుంచి కదలకుండానే, కార్లో ఒక్కరే అన్నట్టు ఒక్క వేలు ఎత్తి చూపించింది. సునీల తలూపింది.

చాలాసేపటికి ఫోను వణికింది.

'వేమూరు.'

"అడ్రసు మళ్ళీ చూసుకుంటున్నాడు."

"అప్పుడేనా?"

"ఆయన నడిపితే అంతే. బాపట్లలో చూశాగా."

"ప్రార్థన చేసుకోనా అక్కా?"

"చేసుకో. కిటికీ మాత్రం వదలకు."

కింద మెట్ల దగ్గర్నుంచి ఎవరో పిలిచారు. "రాహేలూ, నా జాకెట్టు ఏమైందే?"

"రేపు రండి పిన్నిగారూ. దారం అయిపోయింది."

"నీ దారం ఎప్పుడూ నా జాకెట్టు దగ్గరే అయిపోద్ది" అని గొణుక్కుంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

ఫోను మళ్ళీ వణికింది. 'భట్టిప్రోలు.'

"ఇప్పుడైనా బయల్దేరకూడదా అక్కా?"

"ఇంకాసేపు."

సునీల గోడకు చేరగిలబడి కూర్చుంది. బాపట్ల బస్టాండులోని నవ్వు గుర్తొచ్చింది. ఈసారి దొరికితే ఆ నవ్వు కూడా ఉండదు. ఏం జరిగినా పాప కళ్ళెదుటే జరుగుతుంది.

మూడోసారి ఫోను వణికింది.

'రేపల్లె.'

ఆ వెంటనే దాని కిందే ఇంకో వరస. 'హాస్టలు పేజీ తెరిచారు.' వీధి మొదట్లో కారు ఆపి, అద్దంలో జుట్టు సర్దుకుని, హాస్టలు గేటు వైపు నడుస్తున్న మనిషి ఆమె కళ్ళకు కట్టాడు.

సునీల లేచి మాస్కు పెట్టుకుంది. ఫోనును రాహేలు చేతిలో పెట్టింది. కొంగుముడి విప్పింది.

రాహేలు కిటికీ రెక్కను బార్లా తెరిచింది.

సునీల మెట్లు దిగి, వీధి దాటి, సరిగ్గా ఎదురుగా ఉన్న తన ఇంటి గేటు తాళం తీసి, "హాసినీ, చెప్పులేసుకో అమ్మా" అని మెల్లగా పిలిచింది.