ఆరేసిన గ్లౌజులు

ఆ ఏడు ఊత్తంగరై పక్క పల్లెల్లో వాంతిభేదులు రేగి, అక్కడి చిన్న ఆసుపత్రిలో గ్లౌజులు కరువయ్యాయి. నర్సు వినుత బెదరలేదు. వాడినవాటినే బ్లీచింగ్ నీళ్లలో కడిగించి, గాలి ఊది చిల్లులు చూసి, తాడు మీద ఆరేయించి మళ్లీ వాడేది.

ఆ రాత్రి నరసింహప్పను ట్రాక్టర్లో తెచ్చారు. కళ్లు లోతుకు పోయాయి. వెంటనే సెలైను ఎక్కకపోతే మనిషి దక్కడు. ఎక్కించడం తెలిసింది ఆ పూట వినుతకొక్కతికే. ఆమె వెనక వరండాలోకి పోయి, మిగిలిన ఒక్క మంచి జతా తాడు మీంచి తీసి తొడుక్కుంది. లోపల వెచ్చగా, చెమటగా ఉంది.

"కెంచమ్మా, ఇవి ఎవురు తొడిగినారు?"

"ఎవురమ్మా తొడిగేది? పొద్దు గూకేటప్పుడు నేనే కదా ఆరేసినాను. నా లావు చేతులకు పడతాయా ఇవి?" ఆయా నవ్వింది.

"నవ్వింది చాలు. సీసా ఎత్తుకోని రా."

వార్డులో నరసింహప్పకు అప్పటికే సెలైను ఎక్కుతోంది. సూది చక్కగా కుదిరింది. చుక్కలు సరిగ్గా పడుతున్నాయి.

"ఎవురు ఏసినారు?" అంది వినుత.

పక్క మంచం మీది ముసలామె వినుతను చూడలేదు. వినుత పక్కనున్న ఖాళీ వైపు చెయ్యి చాపింది.

"నాకూ అట్లే నొప్పి లేకుండా ఏయమ్మా."