టేపు రెండో కొస

కింద బండి మోత వినబడగానే లెక్కలక్క లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళకూడదని పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉంది. అయినా కాళ్ళు ఆగలేదు.

ఆయన బండి ఎక్కాడు. వెనక సీటు మీద కిలకిల కూర్చుంది, చేతిలో టేపు. ఆయన చెవి దగ్గర ఏదో అంది. ఆయన హెల్మెట్ లోపలే నవ్వాడు. బండి మలుపు తిరిగింది.

లెక్కలక్కకు ఒళ్ళు మండిపోయింది.

ఇళ్ళూ ఆఫీసులూ శుభ్రం చేసే పని వాళ్ళది. ఎవరైనా ఫోన్ చేస్తే ముందు వెళ్ళి గదులు కొలవాలి. కిటికీలు లెక్కపెట్టాలి. ఆ కొలతలు చూసి కొటేషన్ రాసివ్వాలి. రాసేది ఈవిడే, అందుకే పనివాళ్ళంతా లెక్కలక్క అంటారు. కిలకిల అన్న పేరు మాత్రం బయట ఎవరికీ తెలియదు. ఆ నవ్వు మనిషికంటే ముందే మెట్లెక్కి వస్తుంది కాబట్టి లెక్కలక్కే మనసులో అలా పెట్టుకుంది.

ఏడేళ్ళ కిందట ఈ సంస్థ అంటే రెండు బకెట్లు, ఒక మాపు, ఆయన, తను. అప్పుడు ఆ వెనక సీటు తనది. టేపు ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస తను పట్టుకునేది. “వదలకు, వదలకు” అనేవాడాయన. తను ఎన్నడైనా వదిలిందా? కిలకిల వచ్చి రెండేళ్ళు. వచ్చిన వారానికే టేపు కొస ఆమె చేతికి పోయింది. “నువ్వు లెక్కలు చూసుకో, ఎండలో తిరగడం నీకెందుకు” అన్నాడాయన, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

ఇప్పుడు కొలతల పుస్తకంలో రెండు చేతిరాతలు. పొడవులు ఆయనవి, వెడల్పులు ఆమెవి. నిన్నటి పేజీలో ఒక వెడల్పు పక్కన చిన్న పువ్వు బొమ్మ వేసి ఉంది. ఎవరిదో పడకగది వెడల్పుకు పువ్వెందుకట?

“అన్నం మానేసి ఆ పుస్తకాన్ని తింటున్నావేంటే?” అంది తుడుపుల ముసలమ్మ, మాపు పిండుతూ. “మొదట్నుంచీ ఉన్నది నువ్వే, కాదనను. ఇంత జరిగాక ఇప్పుడు కుళ్ళుకుని ఏం లాభం? నీ ఒంటికే చేటు.”

“నేనేం కుళ్ళుకోవడం లేదు” అంది లెక్కలక్క, చిరిగేంత గట్టిగా పేజీ తిప్పుతూ.

ఆ మధ్యాహ్నమే ఆలోచన తట్టింది. టేపుకు రెండు కొసలుండబట్టే కదా ఇద్దరు వెళ్ళాల్సి వస్తోంది. రెండో కొస లేని వస్తువేదైనా దొరికితే పీడా పోతుంది.

వారం రోజులు దుకాణాలన్నీ తిరిగింది. కొలిచే చక్రం చూసింది. బాగానే ఉంది గానీ మంచం కిందికి దూరదు, బీరువా కాళ్ళ దగ్గర మొరాయిస్తుంది. ఫోన్లో యాప్ వేసి చూసింది. అది ఒకే గదిని మూడుసార్లు కొలిచి మూడు రకాలుగా చెప్పింది. చివరికి దొరికింది లేజర్ మీటర్, అరచేతిలో పట్టేంతది. గోడకు ఆనించి మీట నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్రచుక్క, తెర మీద అంకె. అద్దాల తలుపు ఉంటే మాత్రం అడ్డంగా అట్టముక్క పెట్టాలని దుకాణం అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. “ఒక్క మనిషి చాలండి” అని అతను అన్నప్పుడే లెక్కలక్క దాన్ని సంచిలో వేసుకుంది.

“ఏమండీ, ఒకసారి ఇలా చూడండి” అంటూ ఆఫీసు గదిని కొలిచి చూపించింది. రెండు నొక్కులు, పని అయిపోయింది. ఆయనకు నమ్మకం కుదరక టేపు తీశాడు. రెండో కొస కిలకిల పట్టుకుంది. రెండు కొలతలకీ వెంట్రుకవాసి తేడా లేదు.

“భలే ఉందక్కా” అంది కిలకిల. ఆ మెచ్చుకోలు కూడా లెక్కలక్కకు ఎక్కడో గుచ్చుకుంది.

“అంటే ఇక మీదట ఇద్దరం పోనక్కర్లేదన్నమాట” అన్నాడాయన.

“ఒక్కరు చాలండి.” రెండేళ్ళుగా ఆమె గొంతు అంత తియ్యగా పలకలేదు.

వెనక సీటు ఖాళీ అయినట్టే. ఆయన కొలిచి చెబుతుంటే పక్కన రాసుకోవడానికి మనిషి కావాలి. రాయడంలో తనను మించినవాళ్ళెవరు? పాత రోజులు మళ్ళీ వస్తాయి. మనసులో అప్పుడే బండెక్కి కూర్చుంది.

ఆయన మీటర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

“అలాంటప్పుడు నేను మాత్రం ఎందుకు, నువ్వే వెళ్ళిరా. కొలతా నీదే, కొటేషనూ నీదే అయితే లెక్క తప్పదు. ఇక్కడ ఫోన్లవీ మేమిద్దరం చూసుకుంటాంలే.”

మేమిద్దరం. లెక్కలక్క మీటర్‌నీ కొలతల పుస్తకాన్నీ సంచిలో పడేసుకుంది. మెట్లు దిగుతుంటే పైనుంచి ఆ నవ్వు వీధి గుమ్మం దాకా సాగనంపింది. బస్సులో కూర్చున్నాక కళ్ళు తుడుచుకుంది.

కొలవాల్సింది సామాను ఇంకా చేరని కొత్త ఇల్లు. ఇంటి పెద్దావిడ తలుపు తీసింది. లెక్కలక్క మీటర్‌ని గోడకు ఆనించి మీట నొక్కింది. ఎర్రచుక్క ఎదుటి గోడ మీద పడింది. పుస్తకం తీసి పొడవు రాసుకుంది. వెడల్పూ తనే రాసుకుంది.

పెద్దావిడ ఇంకా ఎవరో రావాలన్నట్టు గుమ్మం వైపు చూసింది.

“నువ్వొక్కదానివే వచ్చావేంటమ్మా, మా అమ్మాయి ఇల్లు కొలిచినప్పుడు టేపు రెండో కొస పట్టుకుని ఒకటే నవ్వులు నవ్విందే, ఆ పిల్ల రాలేదా, మీ సారుగారి భార్య?”

రెండేళ్ళ కిందట వాళ్ళ పెళ్ళి ఖర్చుల లెక్క రాసింది కూడా లెక్కలక్కే.