పూచీ ఎవరిది?

“ఇదిగో, దొరికాడు దొంగ!”

టీకొట్టు వదిన వేసిన కేకకి ఒడ్డున ఉన్న కాకులన్నీ లేచిపోయాయి.

నిజానికి ఆవిడ అక్కడెవరికీ వదిన కాదు. ఇసుకలో కొట్టు పెట్టిన రోజు నుంచి అందరూ అలా పిలుస్తుంటే అదే పేరు ఖాయమైపోయింది.

పొద్దున్నే కొట్టు తలుపు తీసేసరికి ఎదురుగా ఓ ముసలాయన. గోనెసంచి తలకిందులుగా పట్టుకుని దులుపుతున్నాడు. అందులోంచి కాగితం కప్పులు బొలబొలా రాలుతున్నాయి. అన్నీ ఆవిడ కొట్టు కప్పులే.

వదినకి ఒళ్లు మండింది. మండదూ మరి! కొట్టు ముందు చెత్త ఉందని బీచ్ ఇన్‌స్పెక్టర్ ఇప్పటికే రెండుసార్లు హెచ్చరించాడు. మూడోసారి కనబడితే కొట్టు ఎత్తేస్తానన్నాడు. ఆవిడకీ, అత్తగారికీ ఇంత కూడు పెడుతున్నది ఆ కొట్టొక్కటే.

“ఎవరు పంపారు నిన్ను? ఆ జ్యూస్ కొట్టు వాడేనా?”

“ఎవరూ పంపలేదమ్మా. ఇసుక తడిసి సంచి బరువైంది. దులిపి మళ్లీ ఎత్తుకుందామని...”

“దులపడానికి నా కొట్టే దొరికిందా? ఇంత ఒడ్డు ఉండగా!”

లోపల్నుంచి అత్తగారు అందుకుంది. “దొంగని దొంగా అంటే ఒప్పుకుంటాడటే? వాడితో మాటలేంటి, గార్డుని పిలువు!”

గార్డు ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. చుట్టుపక్కల కొట్లవాళ్లు కూడా మూగారు.

“ఏం తాతా, ఈ చెత్తతో నీకేం పని?”

“పూచీ నాది బాబూ. నేను ఎత్తేస్తాగా, కాస్త చోటివ్వండి.”

“పూచీ తనదంట! పెద్ద మొనగాడు బయల్దేరాడు” అంది వదిన. “నా కొట్టుకి నీ పూచీ ఏంటయ్యా? ఎవరు నువ్వు?”

ముసలాయన ఏదో చెప్పబోయాడు. అంతమందిలో చెప్పలేకనో ఏమో, కప్పుల మీదికి వంగాడు.

మోకాళ్ల మీద కూర్చుని రాలిన కప్పులన్నీ ఏరి సంచిలో వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ సాయానికి చెయ్యి వెయ్యలేదు. గార్డు ఆ సంచి లాక్కుని రోడ్డు పక్క చెత్తకుండీలో పడేశాడు.

“మళ్లీ ఈ ఇసుకలో అడుగు పెట్టావంటే పోలీసులకి అప్పజెప్తా.”

ముసలాయన ఎడమకాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

“పీడ విరగడైంది” అంది అత్తగారు.

సెలవుల రోజులు. ఆ పూట బీచ్ అంతా జనం. వదినకి టీ పొయ్యలేక చెయ్యి పడిపోయింది. తాగినవాళ్లు తాగినచోటే కప్పులు విసిరేశారు. కప్పు చేతికిచ్చేదాకే తన పని, ఆ తర్వాత తాగినవాళ్ల పని అని వదిన అనుకుంది. ఊడ్చేవాళ్లు వస్తారులే అని తాగినవాళ్లు అనుకున్నారు. పైగా దొంగ దొరికిపోయాడు కనుక ఇక చెత్త బెడద తీరినట్టేనని ఆవిడ ధైర్యం.

మర్నాడు తలుపు తీసి గుండెలు బాదుకుంది.

కొట్టు ముందు ఇసుకే కనబడటం లేదు. కప్పులు, కవర్లు, సీసాలు. కొన్ని గాలికి దొర్లుకుంటూ నీళ్లదాకా వెళ్లిపోయాయి.

చీపురు పట్టుకుని పరిగెత్తింది. ఇటు ఊడిస్తే అటు ఎగురుతున్నాయి. ఇంతలో రోడ్డు మీద జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టర్ దిగాడు. వెనకాల ఇద్దరు కూలీలు. వాళ్ల చేతుల్లో గునపాలు చూడగానే వదిన చీపురు పడేసి ఎదురెళ్లింది.

“సార్, ఇదంతా ఆ ముసలాడి పనే! నిన్న సంచితో సహా పట్టుకున్నాం. ఎడమకాలు ఈడుస్తాడు. రాత్రి కక్షకొద్దీ మళ్లీ వచ్చుంటాడు. కావాలంటే గార్డుని అడగండి!”

ఇన్‌స్పెక్టర్ ఆవిడ మొహంలోకి చూశాడు.

“చెత్త సంగతి అలా ఉంచండమ్మా. నేను వచ్చింది అందుక్కాదు. మీ కొట్టుకి పూచీ ఉన్నాయన నిన్న ఆఫీసుకొచ్చి తప్పుకున్నాడు. పూచీ లేకుండా ఇసుకలో కొట్టు ఉండటానికి వీల్లేదు.”

“పూచీనా? నాకెవరున్నారు సార్ పూచీ పడటానికి?”

“ఎవరూ లేరనే కదా అప్పుడు మీకు కొట్టు ఇవ్వం పొమ్మన్నారు. మీరు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, ఏదో పనిమీద వచ్చినాయన చూశాడు. ‘ఆవిడ కొట్టు ముందు చెత్తకి నన్నడగండి’ అన్నాడు. రెండుసార్లూ మిమ్మల్ని వదిలేసింది ఆయన బతిమాలితేనే.”

వదినకి గుర్తొచ్చింది. ఆ రోజు గుమాస్తా బయటికొచ్చి, పని అయిపోయింది, వెళ్లి కొట్టు పెట్టుకో అన్నాడు. ఎవరి చలవో అని దణ్ణం పెట్టుకుంది గానీ, ఎవరని అడగలేదు. ఆ సంతోషంలో అడగాలని కూడా తోచలేదు.

“మరిప్పుడెందుకు తప్పుకున్నాడు సార్?”

“‘ఎత్తేసే దారి లేనప్పుడు పూచీ నాదనడం అబద్ధమవుతుంది’ అన్నాడు. ఎవరైనా ఏమన్నా అన్నారా అంటే, కాగితం మీద సంతకం పెట్టేసి వెళ్లిపోయాడు.”

కూలీలు మొదటి గుంజ చుట్టూ తవ్వడం మొదలుపెట్టారు. లోపల అత్తగారు ఏడుస్తోంది.

“ఆయన ఎక్కడుంటాడో చెప్పండి సార్! వెళ్లి కాళ్లు పట్టుకుంటాను. అంత ఉపకారం చేసిన మనిషిని నేను ఒక్కసారైనా కళ్లతో చూడలేదు!”

“చూశారమ్మా” అన్నాడు ఇన్‌స్పెక్టర్, “ఎడమకాలు ఈడుస్తాడని ఇందాక మీరేగా చెప్పారు.”