నల్లపెట్టా, బూడిదపెట్టా?

"ఈ రెండిట్లో ఏది స్పీడో ఇవాళ తేల్చి చెప్పాలండీ. ఎంతసేపైనా ఫర్వాలేదు, కూర్చుంటాను."

లెక్కల మాస్టారు సంచీలోంచి పాత వీడియో గేమ్ మెషీన్ తీసి బల్ల మీద పెట్టారు. దాని పక్కన రెండు పెట్టెలు పెట్టారు. ఒకటి నల్లది, ఒకటి బూడిద రంగుది. మెషీన్‌కి అదనపు బలం కోసం తగిలించుకునే సరుకు. ముప్పై ఏళ్లనాటివైనా ఎక్కడా దుమ్ము లేదు.

మెకానిక్ మొహం వెలిగిపోయింది. ఇలాంటి ముసలి మెషీన్లకి ప్రాణం పోస్తాడనే బజారంతా అతన్ని డాక్టర్ అంటుంది.

"ఒక్క మెషీన్‌కి రెండెందుకు కొన్నారు సార్?"

"నల్లది మా మామయ్య నాకు తెచ్చాడు. అది చూసి తమ్ముడు ఇల్లు పీకి పందిరేశాడు. దాంతో బాబాయి వాడికి బూడిదది తెచ్చాడు."

డాక్టర్ స్టూలు చూపించాడు. మాస్టారు కూర్చుని, ఇంకో స్టూలు కూడా తన పక్కకి లాక్కున్నారు. వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని డాక్టర్ గుమ్మం వైపు చూశాడు. ఎవరూ రాలేదు.

"తమ్ముడిదే స్పీడు అయ్యుండాలి. ఇంతకుముందు ఇద్దరు చూశారు లెండి, వాళ్లకి పని రాదు."

"ఇంతకీ తమ్ముడుగారేమంటారు?"

మాస్టారు పక్కనున్న ఖాళీ స్టూలు మీద చెయ్యి వేశారు.

"కారు రేసు పందెం వేసుకునేవాళ్లం. ఎవడి పెట్టె తగిలించుకుని వాడు ఆడాలి. ఎవడికి తక్కువ టైమ్ పడితే వాడు గెలిచినట్టు. ఓడినవాడు రోడ్డు దాటి వెళ్లి కూల్‌డ్రింకులు తేవాలి. ఆ రోజు వాడు వెళ్లాడు. లారీ... పదేళ్లండీ వాడికి. ఇప్పటికీ ఇంట్లో టీవీ పెడితే చాలు, నాకు ఆ బ్రేకుల చప్పుడే వినిపిస్తుంది."

అన్న పెట్టె స్పీడైతే ఆ పందెం అన్యాయమైనట్టే కదా. దేవుడా, బూడిదదే నెగ్గేట్టు చూడు అనుకున్నాడు డాక్టర్.

ఒకే ఆట, ఒకే రోడ్డు, ఒకే కారు. ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో మీటరు పెట్టి చూశాడు. నల్లది ముప్పై. బూడిదది ఇరవై. వైర్లు మార్చాడు. అడాప్టర్లు మార్చాడు. అయినా అదే ముప్పై, అదే ఇరవై.

"ఇంకొక్కసారి చూడండి," అన్నారు మాస్టారు. ఆయన చొక్కా చెమటకి తడిసిపోయింది.

"మూడుసార్లు చూశానండీ. మీ నల్లదే స్పీడు. తమ్ముడుగారిది దాని దరిదాపుల్లోకి కూడా రాదు."

మాస్టారు రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చారు.

డాక్టర్ స్క్రూడ్రైవర్ పక్కన పడేసి ఆయన భుజం పట్టుకున్నాడు.

"ఊరుకోండి మాస్టారూ. అప్పుడు మీరూ చిన్నపిల్లలే. మీ పెట్టె స్పీడుగా ఉండబట్టి గెలిచారు, అది మీ తప్పెలా అవుతుంది?"

మాస్టారు ఖాళీ స్టూలు వైపే చూస్తూ తల అడ్డంగా ఊపారు.

"'నీ పెట్టె స్పీడు గనకే గెలిచావు, ఇది తొండి, నేను వెళ్లను పో' అని నేను మొండికేస్తేనండీ, గెలిచినవాడు వెళ్లాడు."