ముందే మూసిన కనెక్షన్

"ఏం చెల్లీ, బస్సు కంపెనీవాళ్ల ముందు నీ టికెట్ల జాబితా ఖాళీగా వచ్చిందట?"

గుడ్డు చుట్టిన చపాతీ నములుతూ లుబేగా నబ్వీరే పక్కన చతికిలబడ్డాడు. ఆమె ఈ కంపాలా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరి ఆర్నెల్లే. అప్పుడే ఎవరికి సందేహమొచ్చినా ఆమె దగ్గరికే పరుగు. అదే అతనికి కంట్లో నలుసు.

"డేటాబేసు చదివే కోడు లైబ్రరీ, టికెట్ల వరుసలన్నీ ఒక్కసారే తేదు కదన్నా. మనం చదివేటప్పుడే ఒక్కొక్కటీ తెస్తుంది. చదవకముందే డేటాబేసుతో కనెక్షన్ మూసేశాం."

"ఈ ప్రోగ్రామింగ్ భాషలో అఆలు రానివాళ్లు చేసే తప్పది! బాస్ చీవాట్లు పెట్టాడా?"

"గట్టిగానే పెట్టాడు."

లుబేగా కడుపు చల్లబడింది. "ఏదీ, ఆ లైను చూపించు."

"సరిచేసేశాను. వదిలెయ్యన్నా."

వదల్లేదు. తనే పాత కోడు తెరిచాడు. కనెక్షన్ మూసిన లైను పక్కన రాసినవారి పేరుంది: లుబేగా. శుక్రవారం ఇంటికెళ్లే తొందరలో తను సర్దిన లైనే.

"మరి... బాస్‌కి చెప్పలేదేం?"

"నాదే తప్పన్నాను. నీ కోడు చూసేగా అన్నా, నేనీ భాష నేర్చుకుంది."

ఇన్నాళ్లూ లుబేగా ఆమె తెలివి చూసి కుళ్లుకున్నాడు. ఇకమీదట ఆమె మనసు చూసి కూడా కుళ్లుకోవాలి.